లోవెల్: వలసలు నేసిన మిల్లు ఊరు, ఆ నేతను దాచుకుంటున్న మ్యూజియం

అమెరికా ఈశాన్య మూల, మసాచుసెట్స్ రాష్ట్రంలో లోవెల్ అనే పాత మిల్లు పట్టణం ఉంది. అక్కడి బూట్ కాటన్ మిల్స్ మ్యూజియంలో కింది అంతస్తు హాల్లోకి వెళ్ళేముందు సందర్శకుల చేతిలో ఇయర్ ప్లగ్గులు పెడతారు. లోపల 88 మరమగ్గాలు బారులు తీరి ఉంటాయి. అన్నీ 20వ శతాబ్దం తొలినాళ్ళ డ్రేపర్ కంపెనీ మగ్గాలు. అన్నిటినీ ఒక్కసారి నడపరు, కొన్నిటినే నడుపుతారు. ఆ కొన్నిటికే కాళ్ళ కింద నేల అదురుతుంది. పక్కనున్న మనిషి చెవి దగ్గర నోరుపెట్టి అరిచినా మాట అందదు.

ఊరి కథ ఈ హోరు దగ్గరే మొదలుపెట్టాలి. మాట వినబడని హాల్లో పనివాళ్ళది ఏ భాషయినా మగ్గానికి పట్టింపు లేదు. తెగిన పోగును ఎలా ముడివేయాలో, ఖాళీ కండె (నూలు చుట్టే గొట్టం) తీసి నిండు కండె ఎలా పెట్టాలో చేత్తో చూపిస్తే చాలు. ఇంగ్లీషు ముక్క రాని మనుషుల్ని ఐర్లండ్ నుంచి, కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్విబెక్ నుంచి, గ్రీసు, పోర్చుగల్, పోలండ్‌ల నుంచి ఒక విడత తర్వాత ఒక విడతగా ఈ మిల్లులు పీల్చుకోగలిగాయంటే సగం కారణం ఇదే.

అయితే మ్యూజియం మొత్తం తిరిగి చూస్తే ఒక వెలితి తెలుస్తుంది. కంపెనీలు ఏది కట్టినా ఇటుకతో కట్టాయి, అవి నిలిచాయి. వలస వచ్చినవాళ్ళు బతికిన చెక్క ఇళ్ళను కూల్చేశారు. కంపెనీలు జీతాల చిట్టాలు, ఉత్తరాలు భద్రంగా దాచుకున్నాయి. కూలీల మాట వాళ్ళ వాళ్ళ భాషల్లో, వాళ్ళ వంటిళ్ళలో ఉండిపోయింది. అంటే మ్యూజియానికి వారసత్వంగా దక్కింది కంపెనీ వైపు సగం. రెండో సగాన్ని పోగుపోగుగా ఏరి తెచ్చుకోవాలి. లోవెల్‌ను అర్థం చేసుకోవడానికి ఈ తేడాను మించిన తాళంచెవి లేదు.

కాలువలు తవ్వినవాళ్ళు

మెరిమాక్ నది ఇక్కడ పావ్‌టకెట్ జలపాతం దగ్గర సుమారు 32 అడుగులు కిందికి దిగుతుంది. పెన్నకుక్ మూలవాసులు చేపల కోసం చేరే రేవు అది. జలపాతాన్ని తప్పించి కలప, పడవలు నడపడానికి 1796లో పావ్‌టకెట్ కాలువ తవ్వారు. 1821లో బోస్టన్ పెట్టుబడిదారులు ఆ కాలువ మీద హక్కును, చుట్టూ ఉన్న పొలాలను కొన్నారు. వాళ్ళ కన్ను రవాణా మీద లేదు, నీటి ఒత్తిడి మీద ఉంది. బ్రిటన్ మిల్లుల్లో మరమగ్గాలను చూసి, గుర్తుపెట్టుకుని వచ్చి వాల్తమ్‌లో 1814లో వాటిని నడిపించిన ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అప్పటికే చనిపోయాడు. 1826లో ఏర్పడిన ఊరికి ఆయన పేరు పెట్టారు.

1822 ఏప్రిల్‌లో హ్యూ కమిస్కీ అనే ఐరిష్ మేస్త్రీ 30 మంది కూలీలను వెంటబెట్టుకుని బోస్టన్ పక్కనున్న చార్ల్స్‌టౌన్ నుంచి నడిచి వచ్చాడు. పాత కాలువను వెడల్పు చేయడం, కొత్తవి తవ్వడం వాళ్ళ పని. పార, గునపం, రాతిని పేల్చే మందు తప్ప వేరే సాధనం లేదు. పాతికేళ్ళలో 5.6 మైళ్ళ కాలువల వల తయారైంది. దాని అమరికలో గొప్ప పొదుపు ఉంది. పై కాలువ నీళ్ళు ఒక మిల్లు చక్రాన్ని తిప్పి సుమారు 13 అడుగులు దిగి కింది కాలువలో పడతాయి. అవే నీళ్ళు ఇంకో మిల్లును తిప్పి 17 అడుగులు దిగి నదిలో కలుస్తాయి. ఒకే నీటిని రెండుసార్లు వాడుకునే ఏర్పాటు.

ఈ తవ్వినవాళ్ళకు కంపెనీ ఇల్లు ఇవ్వలేదు. మిల్లులో పనిచేసే అమ్మాయిలకు వరసగా ఇటుక బోర్డింగ్ హౌసులు లేచాయి. ఐరిష్ కూలీలకు ఊరి అంచున ఖాళీ జాగా మిగిలింది. పలకలతో, గడ్డి మొలిచిన మట్టిపెళ్ళలతో గుడిసెలు వేసుకున్నారు. 1831లో అక్కడ సెయింట్ పాట్రిక్ చర్చి వెలిసింది. ఆ పేటకు ఏకర్ అనే పేరు స్థిరపడింది. తర్వాత లోవెల్‌లో కొత్తగా కాలుపెట్టినవాళ్ళలో చాలామంది మొదట దిగింది అక్కడే: ఐరిష్ వాళ్ళ తర్వాత గ్రీకులు, ఆ తర్వాత ప్యూర్టోరికన్లు, కంబోడియన్లు. ఊరి పటంలో ఏ పేట చరిత్రయినా వదిలేయవచ్చు గాని, ఏకర్‌ను వదిలేస్తే లోవెల్ అర్థం కాదు.

వలస అంటే పార పట్టినవాళ్ళు మాత్రమే కారు. కాలువల కంపెనీ చీఫ్ ఇంజినీరు జేమ్స్ బి. ఫ్రాన్సిస్ 1833లో ఇంగ్లండ్ నుంచి వచ్చినప్పుడు 18 ఏళ్ళ కుర్రాడు. జలవిద్యుత్ కేంద్రాల్లో నేటికీ తిరుగుతున్న ఫ్రాన్సిస్ టర్బైను లోవెల్ కాలువల మీద చేసిన కొలతల్లోంచి పుట్టింది. 1850లో ఆయన పావ్‌టకెట్ కాలువ మీద ఒక భారీ చెక్క గేటును పైకెత్తి, ఇనుప కొలికికి వేలాడదీయించాడు. వరద వస్తే ఆ కొలికిని ఉలితో నరికి గేటును కిందికి వదలాలి. అంత పెద్ద గేటు ఎందుకని అప్పట్లో ఎగతాళి చేశారు. 1852 వరదలో అది ఊరిని కాపాడింది. 1936 వరదలో మళ్ళీ దించారు. ఆ గేటు ఇప్పటికీ అక్కడే ఉంది.

అమ్మాయిల స్థానంలో కుటుంబాలు

మిల్లుల తొలితరం కార్మికులు న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) రైతుల కూతుళ్ళు. వారానికి సగటున 73 గంటలు పని, బోర్డింగ్ హౌసులో బస, ఆదివారం చర్చి. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, రాసుకున్నవాళ్ళు. 1840 నుంచి 1845 దాకా వాళ్ళ రచనలతో ఒక పత్రికే నడిచింది. జీతం కోస్తే 1834లో, బోర్డింగు రేటు పెంచితే 1836లో పని ఆపి వీధికెక్కారు. 1840లలో సారా బాగ్లీ నాయకత్వంలో పది గంటల పనిదినం కోసం రాష్ట్ర శాసనసభకు అర్జీలు పెట్టారు.

కంపెనీలు ఒక్కొక్కరికి ఎక్కువ మగ్గాలు అప్పగించాయి, మగ్గాల వేగం పెంచాయి, జీతం మాత్రం పెంచలేదు. ఈ అమ్మాయిలకు వెనక్కి వెళ్ళడానికి ఊళ్ళో పొలం, ఇల్లు ఉన్నాయి, వెళ్ళిపోయారు. సరిగ్గా అప్పుడే, 1845 తర్వాత, బంగాళాదుంప పంట కుళ్ళి ఐర్లండ్‌లో కరువు విరుచుకుపడింది. ఆకలికి పడవెక్కినవాళ్ళకు తిరిగి వెళ్ళే చోటు లేదు. లోవెల్‌లోని హామిల్టన్ కంపెనీ చిట్టాల లెక్క ప్రకారం 1836లో ఆ మిల్లు కార్మికుల్లో విదేశాల్లో పుట్టినవాళ్ళు 4 శాతం లోపు. 1860 నాటికి 60 శాతం దాటారు. ఒక తరంలోనే పనివాళ్ళ ముఖాలు మారిపోయాయి.

ఆ మార్పుతో ఊరి రూపం కూడా మారింది. పెళ్ళికాని అమ్మాయికి మంచం, భోజనం ఇస్తే సరిపోయేది. కుటుంబంతో వచ్చినవాళ్ళకు గదులు కావాలి, కిరాయికి కావాలి, మిల్లుకు నడిచే దూరంలో కావాలి. ఆ అవసరాన్ని ప్రైవేటు ఇంటివాళ్ళు చెక్క ఇళ్ళతో తీర్చారు. జీతం లెక్క కూడా మనిషికి కాక ఇంటికి వేసుకునేదయింది. తండ్రి, ఇద్దరు పెద్ద పిల్లలు పనిచేస్తేనే కిరాయి, కట్టెలు, తిండి గడిచేవి.

ఈ కథలో ఇంకో సముద్రయానం ఉంది. దాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. మిల్లుల్లోకి వచ్చిన దూది అమెరికా దక్షిణాది తోటల్లో బానిసలుగా ఉన్న ఆఫ్రికన్ల చేతులమీదుగా వచ్చింది. లోవెల్‌లో నేసిన ముతక బట్ట తిరిగి ఆ బానిసల ఒంటిమీదికే వెళ్ళింది. దక్షిణాదిలో ఆ బట్టకు 'లోవెల్' అన్నదే పేరు. ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన మనుషుల సంతతిలో ఎక్కువమంది లోవెల్‌లో కాలు పెట్టకపోయినా, లోవెల్ లాభంలో వాళ్ళ చెమట ఉంది. వలస మ్యూజియం అన్నప్పుడు ఊళ్ళోకి వచ్చినవాళ్ళ లెక్కతో ఆగిపోతే దూది బేలు ఎక్కడిదన్న ప్రశ్న మిగిలిపోతుంది.

1861లో అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలయ్యాక లోవెల్ కంపెనీలు చాలావరకు నిల్వ దూదిని ఎక్కువ ధరకు అమ్ముకుని మిల్లులు మూసేశాయి. పనివాళ్ళు చెదిరిపోయారు. యుద్ధం ముగిసి మిల్లులు తెరిస్తే చేతులు లేవు. అప్పుడు క్విబెక్ వైపు చూశాయి. అక్కడ పొలాలు తరతరానికీ ముక్కలవుతున్నాయి, అప్పులు పెరుగుతున్నాయి. రైలు ఎక్కితే లోవెల్ ఒక్క రోజు దూరం. సముద్రం దాటాల్సిన పని లేదు కాబట్టి వచ్చినవాళ్ళు వెనక్కి వెళ్ళడం, మళ్ళీ రావడం మామూలైంది. కాలువల మధ్య లిటిల్ కెనడా అనే పేట ఇరుకిరుకుగా లేచింది. ఫ్రెంచి చర్చి, ఫ్రెంచి బడి, ఫ్రెంచి పత్రిక, 1912లో సెయింట్ జాన్ బాప్టిస్ట్ చర్చి మనుషులు పెట్టుకున్న జాన్ డార్క్ క్రెడిట్ యూనియన్ కూడా ఆ సమాజంలోంచి వచ్చాయి. ఆ క్రెడిట్ యూనియన్ ఇప్పటికీ నడుస్తోంది. 1922లో లోవెల్‌లో పుట్టిన రచయిత జాక్ కెరువాక్ ఇంట్లో నేర్చుకున్న మొదటి భాష ఫ్రెంచే.

మగ్గం మారితే మనిషి మారాడు

1890ల తర్వాత గ్రీకులు, పోర్చుగీసులు, పోలిష్ వాళ్ళు, ఆర్మేనియన్లు వేలల్లో రావడానికి కారణం ఓడ టిక్కెట్లు చౌక కావడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. మగ్గం లోపల జరిగిన మార్పు చూడాలి.

పాత మరమగ్గంలో, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలో కండె అయిపోగానే నేతగత్తె మగ్గం ఆపాలి. కొత్త కండె పెట్టి, నాడె పక్కనున్న చిన్న రంధ్రానికి నోరు ఆనించి నూలు కొసను పీల్చి బయటికి లాగాలి. కొద్ది నిమిషాలకోసారి ఇదే. దూదిపొట్టు గొంతులోకి పోయేది. ఒకే నాడెకు ఎందరో నోరు ఆనించడంతో అంటురోగాలు పాకేవి. పడుగులో (నిలువు పోగుల్లో) ఒక పోగు తెగినా మగ్గం దానంతటది ఆగేది కాదు. కనిపెట్టి ఆపకపోతే గజాల కొద్దీ లోపమున్న గుడ్డ వచ్చేది.

1890ల నడుమ వచ్చిన నార్త్రప్ మగ్గం ఈ రెంటినీ మార్చింది. దాన్ని రూపొందించిన జేమ్స్ నార్త్రప్ కూడా ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాడే, హోప్‌డేల్‌లోని డ్రేపర్ వాళ్ళ దగ్గర పనిచేశాడు. ఇందులో మగ్గం పక్కన గుండ్రటి పళ్ళెంలో నిండు కండెలు అమర్చి ఉంటాయి. నాడెలో నూలు అయిపోవచ్చిందనగానే ఒక చిన్న సుత్తి కొత్త కండెను పైనుంచి నాడెలోకి కొడుతుంది, పాతది కింద పడిపోతుంది. మగ్గం ఆగదు, నూలు కొస దానంతటది నాడె కంట్లోకి ఎక్కుతుంది. ఇక పడుగులో ఒక్కో పోగు మీద ఒక్కో పలచటి ఉక్కు రేకు వేలాడుతుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు పైనే ఉంటుంది. పోగు తెగితే రేకు కిందికి జారి, అటూ ఇటూ ఆడే పళ్ళకడ్డీకి అడ్డం పడుతుంది, మగ్గం ఆగుతుంది.

ఫలితం ఏమిటి? కొన్ని మగ్గాలు చూసుకునే చోట ఒక మనిషి పదుల మగ్గాలు చూసుకోవచ్చు. అనుభవం అక్కర్లేని పనులు పెరిగాయి: పళ్ళెంలో కండెలు నింపడం, పొట్టు ఊడవడం, బుట్టలు మోయడం. నూలు వడకడంలోనూ ఇదే దారి. పొలం తప్ప మిల్లు ఎరగని గ్రీకు యువకుడు ఓడ దిగిన వారానికే జీతం చిట్టాలోకి ఎక్కగలిగాడంటే ఆ ఉక్కు రేకుకు అందులో వాటా ఉంది. మ్యూజియంలో గైడు మగ్గం ఆపి ఒక పోగు తుంచి చూపించినప్పుడు సందర్శకులు యంత్రం తెలివిని మెచ్చుకుంటారు. ఆ ఒక్క తుంపుతో వలస చరిత్ర కూడా చెప్పవచ్చు, చెప్పాలి.

గ్రీకులు ఏకర్‌లో మార్కెట్ స్ట్రీట్ చుట్టూ కాఫీ క్లబ్బులు పెట్టుకున్నారు. 1908 నాటికి గుమ్మటాలతో హోలీ ట్రినిటీ చర్చి కట్టుకున్నారు. 1920లో ఊరి జనాభా 1,12,759. మిల్లుల కాలంలో అదే శిఖరం. ఆ వెంటనే రెండు తలుపులు మూసుకున్నాయి. నూలు పరిశ్రమ దక్షిణాది రాష్ట్రాలకు తరలింది. 1924 వలస చట్టం గ్రీసుకు ఏడాదికి 100 మంది కోటా మాత్రమే ఇచ్చింది.

కూల్చివేతలు

1930ల చివర ఏకర్‌లోని గ్రీకు వీధుల్లో పెద్ద భాగాన్ని తీసేసి ప్రభుత్వ గృహ సముదాయం కట్టారు. ఊళ్ళో మొట్టమొదటిదైన మెరిమాక్ కంపెనీ 1958లో మూతపడింది, దాని మిల్లులను 1960లో పడగొట్టారు. డట్టన్ స్ట్రీట్‌లోని దాని బోర్డింగ్ హౌసులు 1966లో పోయాయి. అదే దశాబ్దంలో పట్టణ పునర్నిర్మాణం పేరుతో లిటిల్ కెనడా నేలమట్టమైంది. పేటతో పాటు ఆ సందుల్లో ఏ ఇంట్లో ఎవరున్నారన్న జ్ఞాపకం కూడా చెల్లాచెదురైంది. మ్యూజియానికి ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి లేదు.

సరిగ్గా ఆ సమయంలోనే మిల్లుల ఆఖరి ఊపిరిలో ఇంకో చిన్న వలస జరిగింది. మగ్గాలు బాగుచేసే మెకానిక్కులు దొరక్క, 1960ల చివర లోవెల్‌లో మిగిలిన ఒక మిల్లు కొలంబియా నుంచి అనుభవమున్న వాళ్ళను రప్పించుకుంది. ఊళ్ళో కొలంబియన్ సమాజానికి అది విత్తనం. నూటయాభై ఏళ్ళ వలసల్లో నైపుణ్యం కోసం ప్రత్యేకంగా పిలిపించిన విడతలు ఎంత తక్కువో గుర్తుచేసే ఉదంతం ఇది.

మ్యూజియం ఎలా పుట్టింది

ప్యాట్రిక్ మోగన్ లోవెల్ స్కూళ్ళ అధికారి. ఏకర్ పిల్లలు అమ్మానాన్నల భాషను, పనిని చెప్పుకోవడానికి సిగ్గుపడటం ఆయనను బాధించింది. ఊరే పాఠశాల కావాలన్నది ఆయన వాదన. కాలువలు, మిల్లులు, పేటలు కలిపి ఒక పార్కు. ఒక భవనంలో కొన్ని అద్దాల పెట్టెలతో సరిపెట్టుకోలేదు. గ్రీకు వలస కుటుంబంలో పుట్టిన, అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు పాల్ సాంగాస్ వాషింగ్టన్‌లో ఆ వాదనను బిల్లుగా మోశాడు. 1978 జూన్ 5న లోవెల్ నేషనల్ హిస్టారికల్ పార్క్ చట్టమైంది. భూమిని కొనేసి కంచె వేసే పద్ధతి కాకుండా, ప్రైవేటు యజమానులు తమ మిల్లులను బాగుచేసుకునేలా గ్రాంట్లు, అప్పులు ఇచ్చే ప్రత్యేక కమిషన్ ఒకటి 1995 దాకా పనిచేసింది. ఊరు బతికుండగానే మ్యూజియం కావడం అందువల్ల సాధ్యమైంది.

బూట్ మ్యూజియం 1992లో తెరుచుకుంది. షాంఘైలో పుట్టిన ఆన్ వాంగ్ స్థాపించి, 1976లో కేంద్ర కార్యాలయాన్ని లోవెల్‌కు తెచ్చిన కంప్యూటర్ల కంపెనీ అదే సంవత్సరం దివాలా అర్జీ పెట్టుకుంది. ఒక పరిశ్రమ మ్యూజియంలోకి చేరిన ఏడే, దాని స్థానంలో వచ్చిన పరిశ్రమ కూలిందన్నమాట.

మ్యూజియాలు కూడా మూతపడతాయి. 1997లో లోవెల్‌కు వచ్చిన అమెరికన్ టెక్స్‌టైల్ హిస్టరీ మ్యూజియం నిధులు చాలక 2016లో మూతపడింది. దాని సేకరణలు వేర్వేరు సంస్థలకు వెళ్ళిపోయాయి. యంత్రం ఎక్కడికి వెళ్ళినా యంత్రమే. దాన్ని నడిపిన వ్యక్తి పేరు రాసిన కాగితం వేరే ఊరికి పోతే రెంటికీ ఉన్న ముడి తెగిపోతుంది.

మగ్గాలను బతికించడం

నడిచే మగ్గం, దాచుకునే వస్తువు ఒకే కప్పు కింద ఇమడటం కష్టం. నూలు పోగు పొడిగాలిలో పుటుక్కున తెగుతుంది. అందుకే మిల్లు రోజుల్లో కిటికీలు బిగించేసి, హాల్లోకి ఆవిరి చిమ్మి, తేమను 70 శాతం పైన ఉంచేవారు. పాత కాగితానికి, బట్టకు కావలసింది 50 శాతం దగ్గర నిలకడగా ఉండే తేమ. మగ్గం అదురుకు ఫ్రేములు వదులవుతాయి, పొట్టు ప్రతి సందులోకీ పోతుంది. కాబట్టి నడిపే యంత్రాలు, దాచే వస్తువులు వేరు వేరు జాబితాల్లో, వేరు వేరు గదుల్లో ఉండాలి. నడిపే యంత్రం అరుగుతుందని ముందే ఒప్పుకోవాలి.

ముందుగా అరిగేవి నాడెను కొట్టే కర్ర, ఆ కర్రకు తగిలించిన తోలు పట్టీలు, నాడె మూతి. నిమిషానికి 150 సార్లకు పైగా నాడె అటూ ఇటూ దూకుతుంది. కొట్టే బలం కొంచెం తగ్గినా నాడె పడుగు మధ్యలోనే ఆగిపోతుంది. అప్పుడు నేత పోగును దగ్గరికి కొట్టే దువ్వెన లాంటి పన్నె ముందుకొచ్చి నాడెను గుద్దితే వందల పోగులు ఒక్కసారి తెగుతాయి, వాటిని ఒక్కొక్కటే ముడివేయడానికి గంటలు పడుతుంది. ఆ ప్రమాదం రాకుండా నాడె పెట్టెలోకి చేరకపోతే మగ్గాన్ని ధన్‌మని ఆపేసే మీట ఉంటుంది. ఆ మీట స్ప్రింగు రోజూ చూసుకోవాలి. బలం ఎక్కువైనా ముప్పే, నాడె గాల్లోకి ఎగిరి మనిషికి తగులుతుంది. కొత్త విడిభాగాలు అంగట్లో దొరకవు. నడపని మగ్గాల నుంచి ఊడదీసి వేసుకోవడం, లేదా చేయించుకోవడం. నడిచేవి కొన్నే, మిగతావి వరుసలో నిలబడి ఉండటం వెనక ఈ లెక్క కూడా ఉంది. ఆ మగ్గాల మీద నేసిన బట్టను మ్యూజియం దుకాణంలో అమ్ముతారు.

పేరు వెతికే పని

మగ్గాన్ని బతికించడం కంటే దాని ముందు నిలబడ్డ మనిషిని కనుక్కోవడం కష్టం. మొదట చేతికి తీసుకోవలసింది జనగణన పత్రాలు. వీటిలో వ్యక్తుల వివరాలు 72 ఏళ్ళు గడిచాకే తెరుస్తారు. 1950 పత్రాలు 2022 ఏప్రిల్‌లో అందుబాటులోకి వచ్చాయి. 1900 పత్రం ఏ సంవత్సరంలో వలస వచ్చారో అడిగింది, 1910 పత్రం మాతృభాష అడిగింది. 1890 పత్రాలు 1921 అగ్నిప్రమాదం వల్ల దాదాపు అన్నీ పోయాయి. సరిగ్గా ఫ్రెంచి కెనడియన్లు స్థిరపడుతున్న, గ్రీకులు దిగుతున్న దశాబ్దం అది. 1880 పత్రాలకూ 1900 పత్రాలకూ మధ్య మిగిలిన ఇరవై ఏళ్ళ ఖాళీని నగర డైరెక్టరీలతో పూడ్చాలి. వాటిలో పేరు, పని, చిరునామా ఉంటాయి గాని, భార్యలు, చిన్నపిల్లలు చాలా ఏళ్ళ సంపుటాల్లో కనబడరు.

అక్కడ చర్చి రిజిస్టర్లు ఆదుకుంటాయి. ఫ్రెంచి చర్చి పుస్తకాల్లో పెళ్ళయిన స్త్రీని పుట్టింటి పేరుతోనే రాసేవారు, కాబట్టి తల్లుల వంశం దొరుకుతుంది. మిల్లు జీతాల చిట్టాలో పేరు, విభాగం, పనిచేసిన రోజులు, పక్కన సంతకం లేదా దాని బదులు గీసిన ఇంటూ గుర్తు ఉంటాయి. సంతకమా, గుర్తా అన్నది చదువుకు ఒక ఆధారం.

తప్పు జరిగేది ఎక్కువగా పేరు దగ్గర. గుమాస్తా చెవికి ఏది వినబడితే అది రాశాడు. బ్వావేర్ అన్న ఫ్రెంచి ఇంటిపేరు అర్థం అనువదించుకుని గ్రీన్‌వుడ్ అవుతుంది, లెబ్లాం వైట్ అవుతుంది, ర్వా కింగ్ అవుతుంది. గ్రీకు పాపదోపులోస్ పాపస్‌గా కుదించుకుంటుంది. ఒకే కుటుంబంలో అన్న ఒక పేరుతో, తమ్ముడు ఇంకో పేరుతో ఉంటారు. పేరు ఒక్కటే పట్టుకుని వెతికితే ఒకే మనిషిని ఇద్దరుగా లెక్కపెడతాం. పేరు, చిరునామా, వయసు, పక్కింటివాళ్ళు, ఈ నాలుగింట్లో మూడు కలిస్తేనే ఒకరని తేల్చాలి. వలస వచ్చిన సంవత్సరం జనగణన జనగణనకూ మారితే అబద్ధమని కొట్టేయకూడదు. క్విబెక్ వాళ్ళు వెళ్ళి వచ్చేవారు, గ్రీకు యువకులు 1912–13 బాల్కన్ యుద్ధాల కోసం వెళ్ళి తిరిగి వచ్చారు. రెండు తేదీలూ నిజమే కావచ్చు.

కంబోడియా నుంచి

1975–79 మధ్య కంబోడియాలో సాగిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు వర్గపు మారణకాండ పాలన నుంచి బతికి బయటపడ్డవాళ్ళు, థాయిలాండ్ శిబిరాల మీదుగా, 1980 శరణార్థుల చట్టం తర్వాత లోవెల్ చేరారు. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో సర్క్యూట్ బోర్డులు కూర్చే పని దొరికింది. ఇక్కడా చేత్తో చూపిస్తే నేర్చుకునే పనే. 1984లో పరస్పర సహాయ సంఘం, 1986లో అంగ్‌కోర్ నాట్య బృందం పుట్టాయి. అమెరికాలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ తర్వాత పెద్ద కంబోడియన్ సమాజం లోవెల్‌దే.

స్వాగతం మాత్రం పాత బాణీలోనే జరిగింది. బడుల్లో కొత్త పిల్లలకు చోటు చాలలేదు. తల్లిదండ్రులు 1987లో స్కూలు కమిటీ మీద కోర్టుకెక్కారు. 1989లో ఇంగ్లీషే అధికార భాష కావాలన్న సలహా తీర్మానాన్ని ఊరు ఓటు వేసి నెగ్గించింది. ఓటేసినవాళ్ళలో ఫ్రెంచి, గ్రీకు మాట్లాడిన తాతల మనుమలు కూడా ఉన్నారు. ఈ ఘట్టాన్ని మ్యూజియం గోడ మీద మొహమాటం లేకుండా పెట్టాలి. పండుగలు, వంటలు, నాట్యాలతో సరిపెడితే వలస ఒక ఊరేగింపులా కనబడుతుంది. 1999లో రిథీ ఊంగ్ నగర కౌన్సిల్‌కు ఎన్నికయ్యాడు. అయినా తొమ్మిది స్థానాలూ ఊరంతా కలిసి ఓటేసే పద్ధతి వల్ల మైనారిటీల గొంతు అణగిపోతోందని 2017లో ఓటుహక్కు కేసు పడింది. రాజీ తర్వాత 2021 నుంచి ఎనిమిది వార్డులు, మూడు ఊరుమ్మడి స్థానాలు వచ్చాయి. 2022 జనవరిలో సోఖరీ చౌ మేయరయ్యాడు. కంబోడియా మూలాలున్న మేయరు అమెరికాలో అదే మొదలు.

ఈ తరం జ్ఞాపకాలు సేకరించే పద్ధతి వేరు. ఫొటోలు, పత్రాలు ఆ దేశంలోనే నాశనమయ్యాయి. కాగితాల మీద పుట్టినరోజు జనవరి 1 అని ఉంటే అది చాలాసార్లు శిబిరంలో గుమాస్తా వేసిన తేదీ, దాన్ని లేబుల్ మీద అచ్చువేయకూడదు. పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది. ఖ్మేర్ లిపిలో మనిషి స్వయంగా రాసిన రూపాన్ని తీసుకోవాలి. రికార్డింగు మాతృభాషలోనే జరగాలి, అనువాదం తర్వాత. కొడుకునో కూతురినో దుబాసీగా కూర్చోబెడితే పిల్లల ముందు చెప్పలేని మాటలు ఆగిపోతాయి, చెప్పినవాటిని పిల్లలు మెత్తబరుస్తారు. ఎక్కడ ఆపాలో చెప్పే హక్కు చెప్పేవాళ్ళదే. టేపును ఎవరు, ఎప్పుడు వినవచ్చో ముందుగానే వాళ్ళ భాషలో రాసిన అనుమతి పత్రం మీద తేల్చుకోవాలి. యుద్ధం గురించే అడిగి ఊరుకోవడం మామూలు పొరపాటు. బోర్డు మీద టంకం వేసేటప్పుడు చేతులు ఎలా పెట్టేవారో, ఏ షిఫ్టులో ఎవరు పిల్లల్ని చూసుకునేవారో అడిగితే మిల్లు కుటుంబాల కథతో ముడిపడే సమాధానాలు వస్తాయి.

2020 జనగణనలో లోవెల్ జనాభా 1,15,554కి చేరి, వందేళ్ళ కిందటి లెక్కను దాటింది. 1980ల్లో పాతికేళ్ళ వయసులో వచ్చినవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దగ్గరపడుతోంది. ముందు సేకరించాల్సినవి వాళ్ళ గొంతులు, ఆ తర్వాత ఫ్యాక్టరీ గుర్తింపు కార్డులు, జీతం రసీదులు, టంకం పనిముట్లు, దుకాణాల పాత సైన్‌బోర్డులు. ఇవన్నీ ఇప్పుడు అటకల మీద, గ్యారేజీ డబ్బాల్లో ఉన్నాయి. ఇల్లు మారినప్పుడల్లా మొదట చెత్తలోకి పోయేవి కూడా ఇవే.